కోటి గుడ్లు పెట్టే అబలోని ఎందుకు కోలుకోదు?

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల పాటు మన తూర్పు తీరంలో మరబోట్ల వేట ఆగిపోతుంది. దాని వెనక ఉన్న లెక్క తీరంలో అందరికీ తెలిసిందే. చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో వాటి జోలికి పోకుండా ఉంటే, లక్షల గుడ్లలో ఏ కొన్ని బతికినా సముద్రం మళ్లీ నిండుతుంది. వల పక్కన పెడితే చాలు, మిగతాది సముద్రమే చూసుకుంటుందన్న నమ్మకం ఇది. తిరిగే చేపల విషయంలో ఆ నమ్మకానికి ఆధారం ఉంది. కాలిఫోర్నియా తీరంలో ఒక నత్త దగ్గర మాత్రం అది పూర్తిగా తలకిందులైంది. అబలోని అనే ఆ సముద్రపు నత్తల్లో తెల్ల అబలోని ఒక జాతి. దాని వేటను 1996లో పూర్తిగా ఆపేశారు. ఆ తర్వాత సంఖ్య పెరగలేదు సరికదా, ఏడాదికేడాది ఇంకా తగ్గింది. 2001లో అమెరికా తన అంతరించిపోతున్న జాతుల జాబితాలో దాన్ని చేర్చింది. వెన్నెముక లేని సముద్ర జీవుల్లో ఆ జాబితాకెక్కిన మొదటిది ఇదే. ఆడ అబలోని ఒక్క విడతలో లక్షల గుడ్లు వదులుతుంది. చట్టప్రకారం దాన్ని పట్టేవాళ్లు లేరు. మరి లోపం ఎక్కడుంది?

ఎన్ని మిగిలాయన్నది కాదు, మిగిలినవి ఒకదానికొకటి ఎంత దూరంలో ఉన్నాయన్నదే ఈ ప్రాణి తలరాతను తేలుస్తుంది. చేపల కోసం రాసుకున్న చట్టాలు ఈ ఒక్క విషయాన్నే పట్టించుకోలేదు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం చదివిన ఫలితం కాలిఫోర్నియాలో కళ్లెదుట ఉంది.

రాయిని వదలని నత్త

అబలోనికి చిప్ప ఒకటే ఉంటుంది. అందుకే అది ఆల్చిప్పల జాతి కాదు, నత్తల జాతి. మామూలు నత్త గుల్ల గుండ్రంగా మెలితిరిగి ఉంటే, దీనిది బాగా విప్పారి, లోతు తక్కువ గిన్నెలా బోర్లించి ఉంటుంది. ప్రపంచం మొత్తం మీద యాభైకి పైగా జాతులున్నాయి. వాటిలో పెద్దదైన ఎర్ర అబలోని చిప్ప 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. చిప్ప ఎడమ అంచు వెంట వరసగా చిన్న చిన్న రంధ్రాలుంటాయి. నీరు తల వైపు నుంచి లోపలికి వచ్చి, మొప్పల మీదుగా పారి, ఈ రంధ్రాల గుండా బయటికి పోతుంది. మలినాలు పోయే దారీ, గుడ్లూ వీర్యం బయటికి వచ్చే దారీ అవే. చిప్ప పెరిగేకొద్దీ ముందు వైపు కొత్త రంధ్రం ఏర్పడుతుంది, వెనకటి పాతది పూడుకుపోతుంది. ఎర్ర అబలోనికి తెరిచి ఉండేవి మూడు నాలుగే, నల్ల అబలోనికి అయిదు నుంచి ఏడు. లోపలి పక్క చూస్తే నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగులు కలిసి మెరిసే ముత్యపు పొర ఉంటుంది. అది సుద్దలో ఉండే కాల్షియం కార్బొనేటే. కాకపోతే మిల్లీమీటరులో రెండు వేలవ వంతు మందమున్న పలకలుగా పేరి, మధ్యలో ప్రోటీను పూత పడడంతో ఒక పొరలో మొదలైన పగులు పక్క పొరలోకి తేలిగ్గా పాకదు.

చిప్ప కింద ఉన్నదంతా దాదాపు ఒకే ఒక్క కండ. దాన్నే పాదమంటారు. నాచు మేస్తున్నప్పుడు చిప్పను కాస్త ఎత్తి, పాదాన్ని వదులుగా చాచి ఉంచుతుంది. ఏదైనా తగిలిందా, ఒక్క క్షణంలో చిప్పను రాతికి అదిమేసుకుంటుంది. ఆ తర్వాత వట్టి చేతులతో ఊడదీయడం ఎవరి తరమూ కాదు. అందుకే ఈతగాళ్లు దానికి తెలివి రాకముందే చదునైన ఇనుప కడ్డీని పాదం కిందికి ఒక్క ఊపులో జొనిపి లేపుతారు. ఆ కడ్డీ గురి తప్పి కండకు గాటు పడితే ప్రాణి పోయినట్టే లెక్క, ఎందుకంటే దాని రక్తం మన రక్తంలా గడ్డకట్టదు. శత్రువుల నుంచి దాన్ని ఇంత గట్టిగా కాచే ఆ కండే మనిషికి కావలసింది. పచ్చి కండ గట్టిగా సాగుతుంది. కాలిఫోర్నియా వంటశాలల్లో దాన్ని పలచటి ముక్కలుగా కోసి, చెక్క సుత్తితో మెత్తబడేదాకా కొట్టి, రొట్టెపొడి అద్ది, పెనం మీద ఒక్క నిమిషం వేయిస్తారు. నిమిషం దాటితే మళ్లీ తోలే.

బాక్స్: తలల లెక్కన ధర

చైనా విందుల్లో అబలోని, సీ కుకుంబర్, సొరచేప రెక్క, చేప పొట్టలోని గాలితిత్తి, ఈ నాలుగూ ఒకే వరసలో చెప్పే విలువైన పదార్థాలు. అబలోనిని ఉప్పునీళ్లలో ఉడికించి వారాల తరబడి ఎండబెడతారు. వండే ముందు రోజుల తరబడి నానబెట్టి, సన్న సెగ మీద గంటలు గంటలు ఉడికిస్తారు. ఎండు సరుకును తలల లెక్కన అమ్ముతారు. ఒక కాటీకి, అంటే సుమారు 600 గ్రాములకు, ఎన్ని తూగుతాయన్నదే ఆ తలల సంఖ్య. ఇరవై తూగితే మామూలు సరుకు. రెండో మూడో తూగితే దాని ధర వేరే లోకం. అబలోని పెద్దదయ్యేకొద్దీ ధర బరువుకు మించి ఎగబాకుతుంది. అందుకే వేటగాడి కన్ను ఎప్పుడూ అన్నిటికంటే పెద్దదాని మీదే, అంటే అన్నిటికంటే ఎక్కువ గుడ్లు పెట్టేదాని మీదే.

గుడ్లకు కరువు లేదు

అబలోనుల్లో ఆడ, మగ వేరు వేరు. కానీ అవి జతకట్టవు. కాలం వచ్చినప్పుడు మగది వీర్యాన్నీ ఆడది గుడ్లనూ చిప్ప రంధ్రాల గుండా నీళ్లలోకి వదిలేస్తాయి. కలయిక అంతా బయటే, నీళ్లలోనే. కాలిఫోర్నియా మత్స్యశాఖ చెప్పే లెక్కల ప్రకారం నాలుగు సెంటీమీటర్లు కూడా లేని పిల్ల ఎర్ర అబలోని ఒక విడతలో పదివేల గుడ్లు వదిలితే, ఎనిమిది అంగుళాల పెద్దది ఒక కోటీ పది లక్షల దాకా వదలగలదు. ఈ అంకె చూసి, నాలుగు ఆడవి మిగిలితే తీరమంతా నిండదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అధికారులకూ అలాగే అనిపించింది.

కానీ గుడ్డు ఒక్కటే ఉంటే సరిపోదు, దాని బతుకు గంటల్లో ముగిసిపోయేలోపు వీర్యకణం ఎదురుపడాలి. పారే కాలువలో చిటికెడు పసుపు వేసి చూడండి. వేసిన చోట నీళ్లు పచ్చగా ఉంటాయి, నాలుగు అడుగుల కింద లేత చాయ మిగులుతుంది, పది అడుగులు దాటితే పసుపు వేశారన్న ఆనవాలే ఉండదు. పసుపు ఎక్కడికీ పోలేదు, అంతా నీళ్లలోనే ఉంది, కాకపోతే ఒక చుక్కలో ఒక కణమైనా దొరకనంతగా పలచబడింది. వీర్యానికి జరిగేదీ ఇదే. కెరటాలూ ప్రవాహాలూ ఉన్న సముద్రంలో ఇంకా త్వరగా జరుగుతుంది. ఆస్ట్రేలియాలో శాస్త్రవేత్తలు గ్రీన్‌లిప్ అనే జాతి మీద దీన్ని కొలిచారు. మగదానికీ ఆడదానికీ ఎడం కొన్ని మీటర్లకు పెరిగేసరికి ఫలదీకరణ చెందే గుడ్ల శాతం గబగబా పడిపోయింది. చదరపు మీటరుకు 0.15 నుంచి 0.2 కంటే పలచబడిన చోట కొత్త తరం రావడమే దెబ్బతిందని 1999లో తేల్చారు. అంటే అయిదు నుంచి ఏడు చదరపు మీటర్లకు ఒకటి. ఆ గీత పైన ఉన్న గుంపు కొంత నష్టాన్ని తట్టుకుంటుంది. గీత దిగితే పుట్టేవి పోయేవాటికంటే తక్కువై, గుంపు ఇంకా పలచబడి, దాంతో పుట్టేవి ఇంకా తగ్గుతాయి.

ఇక్కడే సంఖ్యకూ ఎడానికీ ఉన్న తేడా తెలుస్తుంది. వెయ్యి అబలోనులు ఒక హెక్టారు రాతినేల మీద ఉంటే, రాళ్ల సందుల్లో గుంపులు గుంపులుగా చేరి ఎలాగో బండి లాగించవచ్చు. అదే వెయ్యి వెయ్యి హెక్టార్లలో చెల్లాచెదురైతే, వాటిలో ప్రతి ఒక్కటీ ఆరోగ్యంగా, నిండుగా గుడ్లతో ఉన్నా, ఆ జాతి బతికి ఉండగానే ముగిసిపోయినట్టే. లెక్కపుస్తకంలో రెండూ వెయ్యే.

దగ్గరికి పాక్కుంటూ పోలేవా అంటే, పోగలవు గానీ పెద్దగా పోవు. పెరిగిన అబలోని తన రాయిని అంటిపెట్టుకుని, కొట్టుకొచ్చే నాచు ముక్కల్ని పాదంతో ఒడిసిపట్టి తింటూ ఏళ్లు గడిపేస్తుంది. పిల్లలైనా ప్రవాహంలో కొట్టుకుపోయి ఖాళీ రాళ్లను నింపవచ్చు కదా అన్నది ఇంకా గట్టి ప్రశ్న. గుడ్డు నుంచి వచ్చిన లార్వా ఈదేది కొద్ది రోజులే. అది ఏమీ తినదు, గుడ్డులో తెచ్చుకున్న పచ్చసొన అయిపోయేలోపు రాతికి పట్టే గులాబీ రంగు నాచుపొర మీద దిగాలి. టాస్మేనియాలో 1980లలో చేసిన ప్రయోగంలో పెద్ద అబలోనులు ఎక్కువగా ఉన్న చోటే పిల్లలూ ఎక్కువగా దిగాయి, తక్కువగా ఉన్న చోట తక్కువే. అంటే ఒక రాతిగుట్టను ఊడ్చేస్తే, పక్క గుట్ట దాన్ని నింపుతుందన్న భరోసా లేదు.

చట్టం కొలిచింది చిప్పను

కాలిఫోర్నియాలో చట్టం లేక ఈ గతి పట్టలేదు. కనీస కొలత ఉంది, రుతువులున్నాయి, లైసెన్సులున్నాయి. కొలత వెనక ఉన్న తర్కం వినడానికి బాగుంటుంది: ప్రాణి పట్టదగిన పరిమాణానికి వచ్చేలోపు కొన్నేళ్లు గుడ్లు పెట్టి ఉంటుంది కాబట్టి తర్వాత పట్టినా నష్టం లేదు. ఎర్ర అబలోని ఉత్తర కాలిఫోర్నియాలో ఏడు అంగుళాల కొలతకు రావడానికి సుమారు 12 ఏళ్లు పడుతుంది. ఆ పన్నెండేళ్లలో అది కొన్నేళ్లు గుడ్లు పెట్టిందన్నది నిజం. అవి ఫలించాయా అన్నది పక్కన ఇంకొకటి ఉందా లేదా అన్నదాని మీద ఆధారపడింది. చట్టం చిప్పను కొలిచింది గానీ చిప్పకూ చిప్పకూ మధ్య దూరాన్ని కొలవలేదు. పైగా చిన్నదని తిరిగి వదిలేసిన వాటిలో కడ్డీ గాటు పడినవి రక్తం కారి చచ్చిపోయాయి.

రెండో పొరపాటు లెక్క రాసిన తీరులో ఉంది. 1950, 60 దశకాల్లో ఆ రాష్ట్రంలో ఏడాదికి సుమారు రెండు వేల టన్నుల అబలోని పట్టారు. మొత్తం దిగుబడి ఏళ్ల తరబడి నిలకడగా కనిపించింది కాబట్టి సముద్రం తట్టుకుంటోందని అనుకున్నారు. నిజానికి ఒక జాతి అయిపోగానే ఈతగాళ్లు ఇంకొక జాతి మీదికి, ఒక దీవి ఖాళీ కాగానే ఇంకొక దీవికి మారారు. మొత్తాన్ని మాత్రమే చూసినవాళ్లకు ఈ మార్పు కనబడలేదు. చివరికి వంతు వచ్చింది తెల్ల అబలోనికి. అది 30 నుంచి 60 మీటర్ల లోతులో ఉంటుంది, కాబట్టి చాలాకాలం చేతికందలేదు. 1972లో దాని దిగుబడి సుమారు 65 టన్నులతో శిఖరానికి చేరింది, పదేళ్లు గడవకుండానే దాదాపు సున్నా అయింది. 1990ల మొదట్లో పరిశోధకులు 15 చోట్ల మొత్తం 30,600 చదరపు మీటర్ల నేల వెతికితే ప్రాణంతో దొరికినవి మూడు. హెక్టారుకు ఒకటి అనుకోండి. పక్కదాన్ని చేరాలంటే యాభై మీటర్ల మాట. చేరినా అది తనలాగే ఆడదో మగదో అయ్యే అవకాశం సగం. ఈ జాతి ఆయుష్షు 35, 40 ఏళ్లు. 1996 నిషేధం నాటికి మిగిలినవి అలా ఒంటరిగా ఏటా గుడ్లు వదులుతూ, ముసలివై, ఒక్కొక్కటే పోయాయి. వేట ఆగాక కూడా సంఖ్య తగ్గడానికి ఇంతకు మించిన రహస్యమేదీ లేదు.

రోగమా, నీటికుక్కలా?

దీనికి ఎదురు చెప్పేవాళ్లు మొదట వేలెత్తి చూపేది రోగాన్ని. 1980ల మధ్యలో కాలిఫోర్నియా దక్షిణ దీవుల దగ్గర నల్ల అబలోనుల పాదం వాడిపోయి, రాతిపట్టు తప్పి రాలిపోవడం మొదలైంది. జీర్ణనాళపు లోపలి పొరలో చేరే ఒక బాక్టీరియా దీనికి కారణం. ప్రాణి తింటున్నా ఒంటపట్టక తన కండను తానే కరిగించుకుంటుంది. నీరు వేడెక్కిన ఏడాదుల్లో రోగం విజృంభించింది, చాలాచోట్ల నల్ల అబలోనులు నూటికి తొంభైకి పైగా పోయాయి. కాబట్టి నేరం వేటది కాదు, బాక్టీరియాది, వేడిది అని వాదన. నల్ల జాతి విషయంలో ఇది చాలావరకు ఒప్పుకోవలసిందే. కానీ తెల్ల అబలోని కూలిపోయింది 1970లలో, రోగం కనబడడానికి ముందే. పైగా రోగం ఎందుకు చంపిందో చెబుతుంది గానీ, రోగాన్ని తట్టుకుని మిగిలినవి ఎందుకు మళ్లీ పుంజుకోలేదో చెప్పదు. దానికి మళ్లీ ఎడం దగ్గరికే రావాలి. చంపింది ఏదైనా, గుంపు పలచబడ్డాక లోపల జరిగేది ఒకటే.

రెండో వాదన ఇంకా తెలివైనది. అబలోనిని ఇష్టంగా తినే సీ ఆటర్ అనే సముద్రపు నీటికుక్కల్ని 18, 19 శతాబ్దాల్లో బొచ్చు వ్యాపారులు దాదాపు తుడిచిపెట్టారు. శత్రువు లేకపోవడంతో అబలోనులు రాళ్ల మీద దొంతర్లుగా పేరుకున్నాయి. 1850లలో చైనా నుంచి వచ్చిన వలసదారులు, ఆ శతాబ్దం చివర్లో జపాన్ ఈతగాళ్లు అక్కడ మొదలుపెట్టిన వేట ఆ పేరుకున్న రాశి మీదే. అంటే మనం కోల్పోయామని బాధపడే సమృద్ధి సహజమైంది కాదు, నీటికుక్కలు ఉన్న కాలంలోనూ అబలోనులు తక్కువే కదా అని ప్రశ్న. తక్కువే. అయితే ఎక్కడ తక్కువ? నీటికుక్క బయట రాళ్ల మీదివి తింటుంది, లోతైన పగుళ్లలో ఒదిగినవి దానికి అందవు. అలా మిగిలినవి ఒకే పగులులో భుజం భుజం రాసుకుంటూ ఉంటాయి. నీటికుక్క సంఖ్యను తగ్గిస్తుంది కానీ ఎడాన్ని పెంచదు. ఇనుప కడ్డీ పట్టిన మనిషి, అందులోనూ పెద్దవాటి కోసం వెతికేవాడు, పగుళ్లనూ వదలడు. 2015లో వచ్చిన ఒక అధ్యయనం ఇంకో అడుగు ముందుకేసింది. నీటికుక్కలు ఎక్కువగా ఉన్న చోట్ల నల్ల అబలోనులు తక్కువగా కాదు, ఎక్కువగానే ఉన్నట్టు తేల్చింది.

దీనికి కారణం వెతికితే సీ అర్చిన్ అనే ముళ్ల ప్రాణి దగ్గరికి వస్తాం. అది కూడా అబలోనిలాగే కెల్ప్ అనే పెద్ద నాచును తింటుంది, నీటికుక్క అర్చిన్‌ను తిని నాచును కాపాడుతుంది. ఉత్తర కాలిఫోర్నియాలో నీటికుక్కలు లేవు. అక్కడ అర్చిన్లను అదుపులో ఉంచింది సన్‌ఫ్లవర్ స్టార్ అనే ఇరవై చేతుల నక్షత్ర చేప. 2013 తర్వాత నక్షత్ర చేపలకు తెగులు తగిలింది, 2014 నుంచి 2016 దాకా సముద్రం అసాధారణంగా వేడెక్కింది. ఊదారంగు అర్చిన్లు విపరీతంగా పెరిగి, అక్కడి కెల్ప్ అడవి నూటికి తొంభై పాళ్లకు పైగా మాయమైంది. ఎర్ర అబలోనులు తిండి లేక రాళ్ల మీదే ఎండిపోయాయి. ఇంతా చేసి అర్చిన్ అన్నిచోట్లా విలన్ కాదు. దక్షిణాఫ్రికాలో అబలోని పిల్లలు అర్చిన్ ముళ్ల కింద దూరి ప్రాణాలు కాపాడుకుంటాయి. అక్కడ 1990లలో రాతి ఎండ్రరొయ్యలు కొత్త చోట్లకు పాకి అర్చిన్లను తినేయడంతో పిల్లలకు ఆ గొడుగు పోయింది.

చెరువులో పెంచుకుంటే పోదా?

ఇప్పుడు ప్రపంచం తినే అబలోనిలో అత్యధిక భాగం పెంపకం నుంచే వస్తోంది. 1970లలో సముద్రం నుంచి పట్టింది ఏడాదికి సుమారు 20 వేల టన్నులు. ఇప్పుడు అది అందులో సగానికి బాగా తక్కువ. పెంపకం మాత్రం లక్ష టన్నుల మార్కు ఎప్పుడో దాటింది, సింహభాగం చైనాది, ముఖ్యంగా ఫ్యుజియన్ తీరానిది. కాలిఫోర్నియాలో మాంటెరే రేవు వంతెన కింద బోనుల్లో వేలాడదీసి, కెల్ప్ వేసి పెంచుతున్నారు. 1977లో ఆ రాష్ట్రపు శాస్త్రవేత్తలు నీళ్లలో కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే ఆడవీ మగవీ ఒకేసారి గుడ్లూ వీర్యం వదులుతాయని కనుక్కోవడం ఈ పరిశ్రమకు పెద్ద మలుపు. నా దృష్టిలో ఈ తొట్టెలే అసలు వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం. అదే ప్రాణి, అవే గుడ్లు. ఎడాన్ని తీసేసి ఒక బకెట్‌లో కలిపితే లక్షల పిల్లలు.

తొట్టెలు నిండాయి కాబట్టి సముద్రంలోవాటిని ఎవరూ ముట్టరనుకుంటే అది ఆశే. దక్షిణాఫ్రికాలో పెంపకం బాగా సాగుతున్నా దొంగవేట ఆగలేదు. 2000 నుంచి 2016 మధ్య అక్కడ దొంగతనంగా పట్టినవి సుమారు 9.6 కోట్లని వన్యప్రాణి వ్యాపారాన్ని గమనించే ట్రాఫిక్ సంస్థ 2018లో అంచనా వేసింది. తలల లెక్కలో పైమెట్టున ఉండే సముద్రపు పెద్ద అబలోనికి పెంపకపుది పోటీ కాదు. తొట్టెలకు ఇంకో ఖర్చూ ఉంది. 2005 చివర్లో ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో పెంపక కేంద్రాల్లో మొదలైన హెర్పిస్ వైరస్ సముద్రంలోని సహజ గుంపులకూ పాకి ఊడ్చేసింది.

తెల్ల అబలోనికి మాత్రం తొట్టె తప్ప దారి లేకపోయింది. సముద్రం అడుగు నుంచి ఏరి తెచ్చిన కొద్దిపాటి ముసలివాటితో 2001లో పునరుత్పత్తి మొదలుపెట్టారు. రోగం వచ్చి చాలా పిల్లలు పోయాయి. తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బొడేగా ప్రయోగశాలలో మళ్లీ నిలదొక్కుకుని, 2019 చివర్లో మొదటిసారి పిల్లల్ని సముద్రంలోకి వదిలారు. వాటిని తీరమంతా చల్లకుండా, ఎంచుకున్న కొన్ని రాతిగుట్టల మీద గుంపులుగా పెట్టారు. అంత చిన్నవాటిని ఆక్టోపస్‌లూ ఎండ్రకాయలూ తింటాయని తెలిసి కూడా.

చదరపు మీటరుకు ఎన్ని?

చట్టం ఈ పాఠాన్ని నేర్చుకున్న చోటు ఒకటుంది. 2005లో కాలిఫోర్నియా రాసుకున్న అబలోని ప్రణాళికలో మొత్తం సంఖ్యకు బదులు సాంద్రతను గీటురాయిగా పెట్టారు. హెక్టారుకు 2,000 కంటే తగ్గితే గుంపు నిలబడదని, 3,000కు పడిపోతే వేట ఆపాలని రాశారు. ఎర్ర అబలోనులు ఆకలితో రాలిపోయి ఆ గీత దిగగానే, 2018లో వినోద వేటను కూడా మూసేశారు. అప్పటికి అక్కడ ఇంకా లక్షల్లో అబలోనులున్నాయి. లక్షలుండగా ఎందుకు మూస్తారని ఈతగాళ్లు అడిగారు. తెల్ల అబలోని విషయంలో ఎంత ఎడంగా ఉన్నాయన్న ప్రశ్న అడగకుండా పాతికేళ్లు ఆగినందుకే అది జాబితాకెక్కింది, కాబట్టి మూయడమే సరైన పని.

ఈ గీటురాయిలోనూ ఒక లోపం ఉంది. హెక్టారు సగటు రెండు వేలున్నా, కొన్ని రాళ్లు నిండుగా, మిగతావి బోడిగా ఉండవచ్చు. సగటు పెద్దగా మారకుండానే ఈతగాడు ఒక నిండు రాయిని ఖాళీ చేయవచ్చు. అందుకే విక్టోరియా పశ్చిమ తీరంలో వైరస్ తర్వాత ఈతగాళ్లే కూర్చుని గుట్ట గుట్టకూ వేరు వేరుగా ఎంత పట్టాలో నిర్ణయించుకునే పద్ధతి పెట్టుకున్నారు. ఖర్చు ఎక్కువ, తీరుబాటు కావాలి, తగాదాలూ వస్తాయి. అయినా ఈ ప్రాణి బతికే కొలమానంతో సరిపోయే పద్ధతి అదొక్కటే.

మన చేపల మార్కెట్లలో అబలోని కనబడదు. మన్నార్ సింధుశాఖ రాళ్ల మీద దాని చిన్న బంధువు ఒకటి ఉన్నా, తినడానికి పట్టేంత కండ దానికి లేదు. కాలిఫోర్నియాలో ఉండే తెలుగువాళ్ల సంగతి వేరు. అక్కడి హోటళ్లలో స్థానిక అబలోని అని వడ్డించేది పెంపకపుది, నిశ్చింతగా తినవచ్చు. ఆటుపోటు తగ్గినప్పుడు తీరపు రాళ్ల మీద సజీవంగా ఒకటి కనబడితే మాత్రం ఫొటో తీసుకోండి, ఊడదీసి చూడకండి. వ్యాపార వేట 1997 నుంచి, వినోద వేట 2018 నుంచి అక్కడ నిషిద్ధం. తిరిగి అంటించాం కదా అన్నా ఆ గాటు మానదు.